షెడ్డులో పెట్టిన పాత కారు పెయింట్ పొక్కకుండా ఎలా చూసుకోవాలి

మీ పాత కారు మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంటే ముందు వెళ్లి దాన్ని తీసేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా నాన్న కారు. 1976 మోడల్ అంబాసిడర్, మార్క్ త్రీ, తెల్ల రంగు. నేను ఊళ్లో ఉండను కాబట్టి విజయనగరంలో ఇంటి వెనక షెడ్డులో పెట్టి, దుమ్ము పడకూడదని కడిగి, కొత్త టార్పాలిన్ కప్పి, తాడుతో బిగించి మరీ వెళ్లాను. అది జూన్ నెల. దసరా తర్వాత సిరిమాను ఉత్సవానికి వచ్చి విప్పి చూస్తే బానెట్ మీద, టాపు మీద చెమటకాయలు లేచినట్టు సన్నటి పొక్కులు. గోరు తగిలితే చాలు, పెచ్చు ఊడి కింద ఎర్రగా తుప్పు. టింకరింగ్ మేస్త్రి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి బాబూ, దీనికి ఊపిరాడనివ్వలేదేటి?" అన్నాడు.

ఆయన అన్నదే అసలు సంగతి. దుమ్ము పడితే కడుక్కోవచ్చు. తడి లోపల చిక్కుకుపోతే పెయింట్ కింద రేకుని తినేస్తుంది. ఇక్కడ రాసిన పనులన్నీ ఆ తడి కారు దగ్గర ఆగకుండా చూసేవే.

ముందు షెడ్డు

ఒక చిన్న లెక్క. 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న షెడ్డు అనుకోండి. అంబాసిడర్ పొడవు సుమారు 14 అడుగులు కాబట్టి సరిపోతుంది. వానాకాలంలో 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమ మన దగ్గర మామూలే. ఆ లెక్కన ఈ షెడ్డు గాలిలో లీటరుకు పైగా నీళ్లు ఉంటాయి. తెల్లవారుజామున రేకు చల్లబడగానే అందులో కొంత కారు మీద మంచులా దిగుతుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరం ఊళ్లలో దీనికి ఉప్పు కూడా తోడు. ఉప్పు గాలిలోని తేమని లాక్కుని పట్టి ఉంచుతుంది, అందుకే అక్కడ తుప్పు ఇంకా త్వరగా మొదలవుతుంది. విజయనగరం పట్టణం మాకు సముద్రం దూరమే కదా అనుకుంటుంది గానీ, ఉన్నది పాతిక కిలోమీటర్ల లోపే.

షెడ్డులో మొదట నేల చూడండి. సిమెంటు నేల భూమిలోని తడిని పైకి పీలుస్తుంది. రెండడుగుల పాలిథిన్ ముక్క నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు ఎత్తి చూస్తే అడుగున నీటి చుక్కలు ఉన్నాయా, లేదా సిమెంటు నల్లబడిందా? అయితే ఆ తడంతా రోజూ మీ కారు పొట్ట కిందికి వస్తోందన్నమాట. కారు నిలిపే చోటంతా మందపాటి పాలిథిన్ షీటు పరిచి, పైన పాత రబ్బరు మ్యాట్లో ప్లైవుడ్ ముక్కలో వేసి, వాటి మీద కారు పెట్టండి. ప్లాస్టిక్‌కి తగిన చోటు అదే, కారు కింద. నేను దాన్ని కారు పైన వేశాను.

తర్వాత కప్పు. జింకు రేకుల షెడ్డయితే పుష్యమాసంలో తెల్లవారుజామున లోపలికి వెళ్లి తల ఎత్తి చూడండి. రేకు లోపలి వైపు చెమట పట్టి బొట్లు బొట్లుగా కారుతుంటుంది. తుప్పు పట్టిన మేకుల పక్క నుంచి పడే బొట్టు తెల్ల కారు మీద టీ మరకలా కనిపిస్తుంది. రేకుల కింద ఒక జానెడు వదిలి థర్మోకోల్ షీట్లు గానీ ఫాల్స్ సీలింగ్ గానీ కట్టిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. తాటాకు కప్పు చల్లగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పురుగు, ఎలుక, రాలే పొట్టు, వీటన్నిటితో రోజూ వేగాలి.

ఇక షెడ్డులో కారుతో పాటు కాపురం ఉండే సామాను. మన ఇళ్లలో కారు షెడ్డంటే సగం గోదాము. యూరియా బస్తాలు, బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూములు కడిగే యాసిడ్, ఛార్జింగ్‌లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ, ఇవేవీ అక్కడ ఉండకూడదు. వీటి ఆవిరి క్రోమియం బంపర్లనీ పెయింట్‌నీ నెమ్మదిగా చంపుతుంది. ఉప్పు చేపల బుట్టల గురించి చెప్పనే అక్కర్లేదు. పలాస, ఉద్దానం వైపు వాళ్లకి ఇంకో మాట: జీడిపిక్కల బస్తాలు బానెట్ మీద పెట్టకండి. చేతిని పొక్కించే జీడి రసానికి పెయింట్ మీద దయ ఉంటుందని నేను అనుకోను. ఖాళీ గోనెసంచులు కూడా తీసేయండి, అవి తేమ పీల్చి దాచుకుంటాయి.

తేమని కొలవండి, తర్వాత తగ్గించండి

గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి కొని గోడకి తగిలించండి. అది లేకుండా చేసేదంతా గుడ్డి వైద్యమే. అంకె 60 దాటిందంటే పెయింట్ ఊడి బయటపడ్డ ఇనుముకి తుప్పు మొదలవుతుందని లెక్క. మన దగ్గర వానాకాలంలో 60 కిందికి దించడం యంత్రం లేకుండా కష్టం. 70 దగ్గర ఆగినా తొంభై కంటే వేయి రెట్లు నయం.

మొదట చేయాల్సిన చవక పని గాలి కదలిక. గోడకి ఒక వైపు కింద, ఎదురు వైపు పైన వెంటిలేటర్లు ఉండాలి. ఎలుకలు, పావురాలు, గబ్బిలాలు రాకుండా వాటికి సన్న జాలీ కొట్టించండి. చిన్న ఫ్యాను ఒకటి టైమర్ పెట్టి రోజుకి నాలుగైదు గంటలు తిరగనిస్తే మూలల్లో బూజు పట్టదు.

రెండోది వేడి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అందులోని తేమ అంకె దాదాపు అయిదు తగ్గుతుంది. వానాకాలం రాత్రుళ్లు పాతకాలపు అరవై వాట్ల బల్బులు రెండు వెలిగించి ఉంచడం వెనక కిటుకు అదే. ఎల్‌ఈడీ బల్బుకి ఆ పని చేతకాదు. బల్బు దగ్గర గుడ్డ, పెట్రోలు వాసన లేకుండా చూసుకోండి.

కారు ఖరీదైనది, షెడ్డుకి తలుపులు గట్టిగా పడతాయి అంటే డీహ్యుమిడిఫయర్ యంత్రం కొనండి. రోజుకి లీటర్ల కొద్దీ నీళ్లు లాగి బకెట్లో పోస్తుంది, మొదటిసారి చూస్తే గుండె ఆగుతుంది. కానీ తలుపు తెరిచి ఉంచి ఆ యంత్రం నడిపితే బంగాళాఖాతాన్ని ఎండగడుతున్నట్టే. కారు లోపలికి, డిక్కీకి సిలికా జెల్ సంచులు సరిపోతాయి. నీలం గుళికలు గులాబీ రంగుకి మారగానే సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. అల్మరాల్లో వేలాడదీసే తేమ పీల్చే డబ్బాలు మాత్రం వద్దు. వాటిలో దిగే ఉప్పునీరు ఒలికిందంటే రేకుని తినేస్తుంది.

మీ కారుది ఏ పెయింట్?

ఎక్కడైనా కనపడని చోట, డిక్కీ మూత లోపలి అంచు మీదో ఎక్కడో, తెల్ల గుడ్డకి, తెల్ల కారైతే నల్ల గుడ్డకి, కాస్త పాలిష్ రాసి రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటుకుంటే అది పాతకాలపు పెయింట్, పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శకమైన పూత, లేదు. డ్యూకో అని మన మేస్త్రులు పిలిచే నైట్రోసెల్యులోజ్ పెయింటో, సింథటిక్ ఎనామెలో అయి ఉంటుంది. రంగు అంటుకోకపోతే ఎప్పుడో టూ కే పెయింట్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టేది), క్లియర్ కోటు వేయించి ఉంటారు.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, పాత పెయింట్ మీద రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు కోసం రుద్దే గరుకు ముద్ద) కొట్టిన ప్రతిసారీ అసలు రంగే అరుగుతుంది. ఇప్పటి కార్ల పెయింట్ పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలు రెండింటి మందం. నలభై ఏళ్లలో ఎందరి చేతులు పడ్డాయో తెలియని పెయింట్ అంతకంటే పల్చగా ఉండొచ్చు. బానెట్ అంచుల్లో, గీతలు తేలిన మడతల మీద ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, తేలిపోవడం ఎన్నో కార్ల మీద చూశాను. "మెషిన్ పెట్టి అద్దంలా చేస్తాను" అనే వాళ్లకి తాళం ఇవ్వకండి.

అసలు పెయింట్ మిగిలి ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి.  

కడగడం కంటే ఆరబెట్టడం ముఖ్యం

షెడ్డులో పెట్టే ముందు కారు శుభ్రంగా ఉండాలి. ఎండ లేని చోట, ముందు నీళ్లు ధారగా పోసి ఇసుక, మట్టి దిగిపోనివ్వండి. తర్వాత రెండు బకెట్లు: ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, రెండో దాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. బట్టల సబ్బు పొడి, అంట్లు తోమే లిక్విడ్ వద్దు, అవి మైనాన్ని ఊడ్చేస్తాయి. కిరోసిన్ గుడ్డతో తుడవడం మన డ్రైవర్ల పాత అలవాటు. ఆ రోజుకి నిగనిగలాడుతుంది, మర్నాటికి ఆ జిడ్డు మీద దుమ్మంతా చేరుతుంది. కొబ్బరినూనె కూడా అంతే.

బోరు నీళ్లు కఠినమైతే ఆఖరి కడుగు వాననీళ్లతో గానీ ఆర్‌ఓ నీళ్లతో గానీ చేయండి. లేకపోతే ఆరిన చోటల్లా తెల్ల చుక్కలు మిగులుతాయి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. మా నాన్న మాత్రం నలిగి నలిగి వెన్నలా అయిన పొందూరు ఖద్దరు పంచె ముక్కతో తుడిచేవారు. కుట్టు, అంచు లేని ముక్క ఎంచుకుని, ముందు బాగా ఉతుక్కుంటే దానికీ నేను వంక పెట్టను.

ఇక్కడే అందరూ తొందరపడతారు. పైన ఆరిపోయిందని కవరు వేసేస్తారు. నీళ్లు తలుపుల అడుగున, ముందు అద్దం రబ్బరు బీడింగ్ కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో, మడ్‌గార్డుల మడతల్లో దాక్కుని ఉంటాయి. తలుపు అడుగు అంచున చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, లోపల పడ్డ నీళ్లు పోవడానికి. ఏళ్ల తరబడి మట్టి, పాత పెయింట్ వాటిని మూసేసి ఉంటాయి. ప్లాస్టిక్ టూత్‌పిక్‌తో తెరవండి. బీడింగ్ వెంట బ్లోయర్ కొట్టండి. తర్వాత కారు తీసి ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి రండి. తిరిగొచ్చాక తలుపులు, బానెట్, డిక్కీ తెరిచి సగం రోజు నీడలో వదిలేయండి. నేను ఆ జూన్‌లో ఈ పని చేయలేదు. కడిగిన గంటలోనే కప్పేశాను.

పెచ్చు ఊడిన చోట్లు

గింజంత పెచ్చు ఊడినా వదలకండి. వానాకాలం అయ్యేసరికి రూపాయి బిళ్లంత అవుతుంది. తుప్పుని 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరిసే రేకు వచ్చేదాకా తీసి, పూర్తిగా ఆరనిచ్చి, తుప్పు ఆపే ద్రావణం రాసి, ప్రైమర్ వేసి, పైన రంగు టచప్ చేయండి. రంగు అచ్చంగా కలవకపోయినా పర్వాలేదు. తుప్పు ఆగడం ముఖ్యం.

పొక్కులు ఎందుకు లేస్తాయో కూడా చెప్పాలి. పెయింట్ మనకి కనిపించేంత గట్టి గోడేం కాదు, నెమ్మదిగా నీటి ఆవిరిని లోపలికి పోనిస్తుంది. కింద ప్రైమర్ దగ్గర ఏ కాస్త ఉప్పు మిగిలి ఉన్నా, చేతి చెమటైనా, బోరు నీళ్లతో రుద్దిన తర్వాత మిగిలిన లవణమైనా, అది ఆ నీటిని తనవైపు లాక్కుంటుంది. అక్కడే బొబ్బ లేస్తుంది. అందుకే మళ్లీ పెయింటింగ్ చేయిస్తుంటే మేస్త్రికి రెండు మాటలు చెప్పండి: వాటర్ పేపర్ పట్టాక మంచినీళ్లతో కడగాలి, ఆరిన రేకుని వట్టి చేత్తో ముట్టకూడదు. నవ్వుకుంటాడు, అయినా చెప్పండి.

కొత్తగా వేసిన పెయింట్‌కి రెండు మూడు నెలలు మైనం, కవరు రెండూ వద్దు. అందులోని థిన్నర్ బయటికి పోవాలి. మా బానెట్ మళ్లీ వేయించాక మూడు నెలలు అలా వదిలేశాను, మనసు ఒప్పుకోకపోయినా.

మైనం

కారు పూర్తిగా ఆరాక, చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాయండి. ఇసుక తగిలినట్టుంటే పైన ఇంకా మురికి అంటి ఉందని అర్థం. క్లే బారు (పెయింట్‌కి అంటిన మురికిని లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) ముక్కని షాంపూ నీళ్లతో జారేలా చేసి మెల్లగా తిప్పితే అది పోతుంది. ముక్క కింద పడిందంటే మళ్లీ వాడకండి, మట్టి అంటుకుని గీతలు పెడుతుంది.

తర్వాత కార్నౌబా మైనం. మన తాటిచెట్టుకి దగ్గరి చుట్టంలా ఉండే బ్రెజిల్ చెట్టు ఆకుల మీద పట్టే మైనం ఇది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. డబ్బాలో వచ్చే ముద్ద మైనం తీసుకుని, ఉందా లేదా అన్నంత పల్చగా రాయండి. పొగమంచులా మసకబారాక తుడవండి. తేమ రోజుల్లో ఇది ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. మర్నాడు రెండో పూత. బంపర్లకీ, క్రోమియం పట్టీలకీ అదే మైనం పూయండి.

సిరామిక్ కోటింగ్ వేయించమని షోరూముల పక్కనుండే వాళ్లు చెబుతారు. కొత్త కారుకి నాకేం అభ్యంతరం లేదు. నలభై యాభై ఏళ్ల ఎనామెల్‌కి మాత్రం వద్దంటాను. రేపు ఒక చోట టచప్ చేయాలంటే ఆ పొరని రుద్ది తీయాలి, రుద్దితే పెయింటూ పోతుంది. సిలికాన్ ఉన్న డాష్‌బోర్డ్ స్ప్రేలు కూడా పెయింట్ మీద పడనివ్వకండి. తర్వాత ఎప్పుడైనా పెయింట్ కొడితే అక్కడ చేపకన్నుల్లా గుంటలు పడతాయి.

కవరు

గాలి ఆడే నూలు కవరు, లోపల మెత్తటి ఫ్లానెల్ ఉన్నది, షెడ్డులోకి ఇది చాలు. కుట్టించుకోవచ్చు కూడా. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే మంచి పాత దుప్పట్లు రెండు కలిపి కుట్టినా సరే. కవరుని టాపు మీద పెట్టి అక్కణ్నుంచి కిందికి పరవండి, నేల మీద ఈడ్చి ఎక్కించకండి. దాని మడతల్లో ఇరుక్కున్న ఇసుకే వాటర్ పేపర్ అవుతుంది. అందుకే రెండు నెలలకోసారి ఉతకాలి, ఉతికాక ఎముకలా ఆరాలి. షెడ్డు ఒక పక్క తెరిచి ఉండి గాలి కొడుతుంటే కవరు రెపరెపలాడి పెయింట్‌ని రుద్దుతుంది. అలాంటి చోట కవరు లేకపోవడమే మేలు, దుమ్ము పడితే పడనివ్వండి.

నెలకోసారి

కవరు తీసి, టార్చి పక్కగా పట్టుకుని టాపు, బానెట్, తలుపుల అడుగులు చూడండి. ఏటవాలు వెలుగులోనే పొక్కు కనిపిస్తుంది. పిట్ట రెట్ట, బల్లి రెట్ట ఎండిపోయి ఉంటే గీకకండి. తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచి ఎత్తితే అదే వస్తుంది. కందిరీగ మట్టిగూళ్లకీ అదే వైద్యం.

ఇంజను స్టార్ట్ చేసి అయిదు నిమిషాలుంచి ఆపేసే అలవాటు మానండి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై సైలెన్సర్ గుండా వస్తుంది. తలుపులేసిన షెడ్డులో అది మీ ప్రాణానికీ ప్రమాదం, కారుకీ తడి. తిప్పితే బయటికి తీసి బాగా వేడెక్కేదాకా తిప్పండి, లేకపోతే బ్యాటరీ తీసేసి ముట్టకుండా వదిలేయండి.

తుఫాను కబురు వస్తే

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న మన తీరం దాటాయి. కాబట్టి వినాయక చవితి నుంచి దీపావళి దాకా దీన్ని దృష్టిలో పెట్టుకోండి. నాగావళి, వంశధార పల్లపు ప్రాంతాల వాళ్లు కారుని ముందు రోజే మెరక మీదికి తరలించాలి. కొబ్బరి, మామిడి చెట్ల కింద మాత్రం పెట్టకండి. ఉద్దానం తోటలు తిత్లీకి ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. షెడ్డులోనే ఉంటే కవరు తీసేసి, షట్టరు అడుగున ఇసుక మూటలు పేర్చండి.

గాలి తగ్గాక మొదటి రోజే కారు చూడండి. ఆకు ముక్కలు, ఉప్పు, మట్టి పెయింట్‌కి అంటుకుని ఉంటాయి. తుడవకండి. ముందు మంచినీళ్లు ధారాళంగా పోయాలి, టాపు నుంచి కింది దాకా, మడ్‌గార్డుల లోపల కూడా. హుద్‌హుద్ తర్వాత చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు. అందుకని తుఫాను హెచ్చరిక వినగానే ఇంటికి నీళ్లు పట్టుకునేటప్పుడే కారు కోసం ఇంకో రెండు డ్రమ్ములు నింపి మూత పెట్టి ఉంచండి.